గడ్డితో బస్సు నడుస్తుందా?

చిరంజీవులకు ఆశీస్సులు.

కోతలయ్యాక మిగిలే గడ్డితో బస్సులు, కార్లు నడుస్తాయా అని అడిగారు. నడుస్తాయి. గడ్డిలో దాదాపు మూడో వంతు సెల్యులోజ్ ఉంటుంది. గ్లూకోజ్ అణువులు పొడవుగా గొలుసుకట్టి తయారైన పదార్థం అది. అంటే గడ్డిలో చక్కెర ఉంది, కానీ సులువుగా చేతికి రాదు. లిగ్నిన్ అనే పదార్థం ఇటుకల మధ్య సిమెంటులా దాన్ని పట్టి ఉంచుతుంది. అందుకే గడ్డిని ముక్కలు చేసి, వేడి ఆవిరితోనో పలుచటి యాసిడ్‌తోనో ముందు ఆ పట్టు వదిలిస్తారు. తర్వాత ఎంజైములు సెల్యులోజ్‌ను చక్కెరగా విడగొడితే, ఈస్ట్ దాన్ని పులియబెట్టి ఇథనాల్ చేస్తుంది. బళ్ళకు ఇంధనంగా పనికొచ్చే ఆల్కహాల్ అది.

ఆ ఎంజైముల కథ నాకు చాలా ఇష్టం. రెండో ప్రపంచ యుద్ధంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైనికుల నూలు గుడారాలు చివికిపోతుండేవి. ఎందుకని వెతికితే ఒక బూజు దొరికింది. నూలు కూడా సెల్యులోజే కదా, దాన్ని తినేస్తోందన్నమాట! ట్రైకోడెర్మా రీసై అనే ఆ బూజు సంతతి నుంచే ఇప్పటికీ ఎంజైములు తీస్తున్నారు.

అసలు కష్టం ఫ్యాక్టరీ బయట ఉంది. గడ్డి తేలిక, లారీ నిండినా బరువు తూగదు. పైగా తర్వాతి పంట వేసేలోపు, కొద్ది వారాల్లోనే అంతా ఎత్తాలి. హర్యానాలోని పానిపట్‌లో 2022లో ప్రారంభించిన ప్లాంటు లెక్క చూడండి: ఏటా 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయాలంటే సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డి కావాలి. బ్రెజిల్‌కు ఈ ఇబ్బంది తక్కువ. అక్కడ చెరకు పిప్పి మిల్లు దగ్గరే పోగుపడుతుంది.

గడ్డి ఎవరికీ అక్కర్లేనిదని మాత్రం అనుకోకండి. పశువులకు అదే మేత, నేలకు అదే సత్తువ. పొలంలో ఒక్క పరక కూడా మిగల్చకుండా ఊడ్చుకుపోతే నేల పేదదైపోతుంది. రైతుకు సరైన డబ్బు ఇవ్వకపోతే ఆయన అగ్గిపుల్ల గీసేస్తాడు, ఆ తప్పు ఆయనది కాదు.

అందుకే పల్లెలకు బయోగ్యాస్ మేలని నా నమ్మకం. పేడ, గడ్డి, కుళ్ళిన కూరగాయలు గాలి తగలని ట్యాంకులో కుళ్ళితే మీథేన్ వస్తుంది. దాన్ని శుద్ధిచేసి, ఒత్తిడితో సిలిండర్లలో నింపితే సీఎన్‌జీ బళ్ళన్నీ నడుస్తాయి. మీథేన్‌లో ఉండేది కార్బన్, హైడ్రోజన్ మాత్రమే. నేలకు సత్తువనిచ్చే నత్రజని, భాస్వరం, పొటాష్ చాలావరకు ట్యాంకులో మిగిలే చిక్కటి ద్రవంలోనే, అంటే స్లర్రీలోనే ఉండిపోతాయి, దాన్ని మళ్ళీ పొలంలో చల్లుకోవచ్చు.

ఇట్లు,
మీ తాతయ్య