తాతగారి తుపాకీ అంతకుముందు ఎవరిది?

తరాల తరబడి ఇంట్లో ఉన్న జోడు గొట్టాల షాట్‌గన్ గురించి వారసులు చెప్పే మాట తరచుగా ఒకటే ఉంటుంది: ముత్తాతగారు దాన్ని దగ్గరుండి చేయించుకున్నారని. అది నిజమే కావచ్చు, కానీ ఆ మాటను సరిచూడడానికి మనకు దొరికే మొదటి సాక్షి ఆ తుపాకీయే.

తుపాకుల గురించి తెలిసినవారి చేత అందులో తూటా లేదని చూపించుకున్నాక, గొట్టాల కింద ముందువైపు ఉండే చెక్కను విడదీసి గొట్టాలను వెల్లకిలా తిప్పితే, మందు పేలే వైపు అడుగున చదునైన భాగం మీద చిన్న చిన్న కిరీటాలు, అక్షరాలు, అంకెలు కనిపిస్తాయి. మామూలు మోతాదుకు మించిన మందు కూరి పేల్చి, గొట్టం తట్టుకుందని తేలాక వేసే ప్రూఫ్ ముద్రలివి. ఈ పరీక్షలు జరిపే లండన్ తుపాకీ తయారీదారుల సంఘానికి 1637లో రాజు నుంచి అధికారపత్రం లభించింది. బర్మింగ్‌హామ్‌లోని పరీక్షా కేంద్రం, అంటే ప్రూఫ్ హౌస్, 1813 నాటి చట్టంతో ఏర్పడింది. నిబంధనలు మారినప్పుడల్లా ముద్రలూ మారాయి గనుక కాలం పట్టుబడుతుంది. బ్రిటిష్ గొట్టం మీద ‘నాట్ ఫర్ బాల్’ (ఒంటి గుండు పేల్చడానికి కాదు) అని ఉంటే అది 1875-1887 మధ్య పరీక్షకు వెళ్లినట్టు. 1870లోనే కన్నుమూసిన వ్యక్తి అలాంటి తుపాకీని కొత్తగా కొన్నాడన్న కథ అక్కడితో నిలవదు. అయితే పాత తుపాకీకి తరువాత కొత్త గొట్టాలు వేయించే అలవాటూ ఉండేది కాబట్టి, ముద్ర చెప్పేది గొట్టం వయసే తప్ప మొత్తం తుపాకీ వయసు కాదని గుర్తుంచుకోవాలి.

తరువాత చూడవలసింది సీరియల్ నంబరు. 1814లో మొదలైన పర్డీ, 1835లో మొదలైన హాలండ్ అండ్ హాలండ్ వంటి లండన్ సంస్థల పాత పద్దు పుస్తకాలు నిలిచి ఉన్నందున, నంబరును బట్టి తుపాకీ ఎప్పుడు తయారైందో, మొదట ఎవరి పేరున పంపారో తెలిసే అవకాశం ఉంది. అమెరికాలోని వించెస్టర్ కర్మాగారం రికార్డులలో కొన్ని వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ మ్యూజియంలో ఉన్నాయి. చిన్న తయారీదారుల విషయంలో ఇంత అదృష్టం అరుదు. పైగా, గొట్టాల మీద చెక్కిన పేరు చాలాసార్లు అమ్మిన దుకాణానిదే; తుపాకీ బర్మింగ్‌హామ్‌లోనో బెల్జియంలోని లియేజ్‌లోనో తయారై ఉంటుంది.

అసలు కష్టం మొదటి కొనుగోలుదారుకూ మన కుటుంబానికీ మధ్య ఉన్న ఖాళీలో ఉంది. వీలునామాలు, ఆస్తి జాబితాలు, వేలం పట్టికలు, పాత ఫోటోలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1858 నుంచి వీలునామాల ధ్రువీకరణ ఒకే కేంద్ర వ్యవస్థ కిందికి వచ్చింది కాబట్టి అక్కడ వెతకడం కొంత సులువు. లైసెన్సు కాగితం దొరికితే సంతోషించవచ్చు గానీ తొందరపడకూడదు: బ్రిటన్‌లో 1870 చట్టం కింద ఇచ్చిన లైసెన్సు మనిషికే గాని ఫలానా తుపాకీకి కాదు, కాబట్టి దాన్నిబట్టి ఇదే తుపాకీ ఆయన చేతిలో ఉండేదని తేల్చలేము.

చాలామంది వంశవృక్షంలో తండ్రి వైపే వెతుకుతారు. నా దృష్టిలో అన్నిటికన్నా ఎక్కువ దారి తప్పించేది ఇదే. తుపాకీ కూతురి ద్వారానో, భర్త పోయిన స్త్రీ ద్వారానో మరో ఇంటిపేరులోకి వెళ్లి ఉండవచ్చు. భుజానికి ఆనించే చెక్కలో పొదిగిన వెండి బిళ్ల మీది పొడి అక్షరాలు మన ఇంటిపేరుతో కలవకపోతే, ముత్తవ్వ పుట్టింటివారి పేర్లతో పోల్చి చూడాలి. ఆ చెక్కను కోసి పొట్టి చేసిన గుర్తు ఉంటే, పొట్టి చేతులున్న మరొకరు, బహుశా ఒక స్త్రీ గానీ ఎదుగుతున్న పిల్లవాడు గానీ, దాన్ని వాడి ఉంటారు.

గొట్టాల నడిమి పట్టీ మీద బంగారంతో ‘2’ అంకె పొదిగి ఉంటే అది జంటలో రెండవది. దాని తోడు తుపాకీ మరో ఇంట్లో ఉండి ఉండవచ్చు. మన దగ్గర లేని ఉత్తరమో రసీదో ఆ ఇంటి పెట్టెలో దొరకవచ్చు.