పిడికిలి పట్టు మణికట్టు చేతిలో

మోచేయి బల్లమీద ఆనించి ముంజేయిని నిలువుగా ఉంచండి. చేతిని పూర్తిగా వదులు చేస్తే మణికట్టు ముందుకు, అంటే అరచేతి వైపుకు వాలిపోతుంది, వేళ్ళు వాటంతట అవే కాస్త విచ్చుకుంటాయి. ఇప్పుడు రెండో చేత్తో అరచేతిని పట్టుకుని మణికట్టును వెనక్కి వంచండి. వేళ్ళు మీరు ముడవకుండానే ముడుచుకుంటాయి, బొటనవేలు వచ్చి చూపుడువేలి పక్కకు ఆనుతుంది. దీన్నే టెనోడెసిస్ అంటారు. రోగులకు రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపీలో కొత్తగా చేరినవాళ్ళతో కండరం ఎక్కడ పుట్టింది, ఎక్కడ అతికింది అని బట్టీ పట్టించే ముందు ఈ ఒక్కటీ చేయించాలి. కీలు ఏ కోణంలో ఉందో చెప్పకుండా కండరం పని చెబితే సగమే చెప్పినట్టు.

వేళ్ళను ముడిచే ముఖ్యమైన కండరాలు రెండు, ఫ్లెక్సర్ డిజిటోరమ్ సూపర్‌ఫిషియాలిస్, ప్రొఫండస్. రెండూ ఉండేది ముంజేతిలోనే. వేళ్ళలోకి వచ్చేవి వాటి టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు కట్టే తాళ్ళు మాత్రమే. ఒక్కోదానికి నాలుగు, బొటనవేలి పొడవాటి టెండన్ ఒకటి, మొత్తం తొమ్మిది. మీడియన్ నరంతో కలిసి ఇవన్నీ మణికట్టు దగ్గరి ఇరుకైన కార్పల్ టన్నెల్‌లోంచి దూరి వెళతాయి. ప్రొఫండస్ టెండన్ మణికట్టునూ, వేలి మూడు కీళ్ళనూ దాటి చివరి ఎముకకు అతుక్కుంటుంది. బావి తాడు ఒక కొసను గుంజకు కట్టేసి, గిలకనే పైకెత్తామనుకోండి. తాడు ఎవరూ లాగకపోయినా బకెట్ లేస్తుంది. ఇక్కడ గుంజ ముంజేతి కండరం, గిలక మణికట్టు, బకెట్ వేలికొన.

ఇందులో సెంటీమీటర్ల లెక్క ఉంది. టెండన్ మార్పిడి చేసే సర్జన్లు గుర్తుపెట్టుకునే అంకెలు ఇవి: మణికట్టును కదిలించే టెండన్ సుమారు 3.3 సెం.మీ. జరుగుతుంది, వేళ్ళను చాపేది 5, ముడిచేది 7. అంటే వేళ్ళనూ మణికట్టునూ ఒకేసారి పూర్తిగా ముడవాలంటే, వెనకవైపు చాపే కండరానికి అంత పొడవు చాలదు. అది బిగుసుకుపోయి వేళ్ళను వెనక్కి లాగుతుంది. అదే సమయంలో ముందువైపు ముడిచే కండరం మరీ పొట్టిదై బలం కోల్పోతుంది. కండర తంతువులో కుంచించుకునే అతి చిన్న భాగమైన సార్కోమియర్ పొడవుకూ బలానికీ ఉన్న ఈ లంకెను 1966లో గోర్డన్, హక్స్‌లీ, జూలియన్ కప్ప కండరంలో ఒక్కో తంతువు మీద కొలిచి చూపించారు. 2.0 నుంచి 2.2 మైక్రోమీటర్ల మధ్య బలం గరిష్ఠం. అంతకంటే పొట్టిదైనా, సాగినా తగ్గుతూ పోతుంది.

అందుకే మణికట్టు పూర్తిగా ముందుకు వంచి పిడికిలి బిగిస్తే పట్టు ఉండదు. తడి దుప్పటి పిండేటప్పుడు మణికట్టు కాస్త వెనక్కి వంగి ఉంటేనే చేతికి బలం వస్తుంది. డైనమోమీటర్‌తో పట్టు కొలిచేటప్పుడు మోచేయి 90 డిగ్రీలు, మణికట్టు 0 నుంచి 30 డిగ్రీలు వెనక్కి ఉంచి, మూడుసార్లు కొలిచి సగటు రాయాలి. కోణం మారితే పోయిన నెల అంకెతో ఈ నెల అంకెను పోల్చి లాభం లేదు.

మణికట్టునూ వేళ్ళనూ వెనక్కి ఎత్తే కండరాలను నడిపే రేడియల్ నరం దెబ్బతిన్నవాళ్ళలో మణికట్టు వేలాడుతుంది. వేళ్ళు ముడిచే కండరాలకు ఏమీ కాకపోయినా పట్టు పోతుంది. స్ప్లింట్‌తో, అంటే ఆసరా పట్టీతో, మణికట్టును 20–30 డిగ్రీలు వెనక్కి నిలబెడితే అప్పటికప్పుడే పట్టు తిరిగొస్తుంది. విద్యార్థులు పొరబడేది ఇక్కడే. మణికట్టుకు ఆసరా దొరకగానే రోగి వేళ్ళ చివరి రెండు కీళ్ళూ చాపగలుగుతాడు, నరం కోలుకుందని రాసేస్తారు. ఆ పని చేసేవి చేతిలోనే ఉండే చిన్న కండరాలు, ఇంటరాసియై, లంబ్రికల్. వాటికి నరాలు రేడియల్ కాదు, అల్నార్, మీడియన్. చూడాల్సింది వేలి మొదటి కీలు లేస్తుందా లేదా అన్నది.

పక్షవాతంతో పిడికిలి బిగుసుకున్న చేతిని కడగడానికీ ఇదే సూత్రం. వేలికొనలు పట్టుకుని లాగితే బిగువు ఇంకా పెరుగుతుంది. ముందు మణికట్టును ముందుకు వంచి, బొటనవేలిని దాని మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా బయటికి తెచ్చి, తర్వాత మిగతా వేళ్ళు విప్పాలి. మూర్ఛ వచ్చినప్పుడు మాత్రం పిడికిలి జోలికే వెళ్ళకూడదు. అందులో తాళంచెవులు పెడితే మూర్ఛ ఆగదు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి.

ఈ యంత్రాంగం నిజంగా ప్రాణం పోసేది మెడలో సి6 స్థాయిలో వెన్నుపాము దెబ్బతిన్నవారికి, అంటే సి6 నరం దాకా పనిచేస్తూ ఆ కిందివి పోయినవారికి. తాటిచెట్టు మీంచి పడిన గీత కార్మికుడికి వేళ్ళు ముడిచే సి8 నరం పోయినా, మణికట్టు ఎత్తే సి6 నరం మిగిలి ఉండవచ్చు. మణికట్టు ఎత్తితే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చెంచా నిలుస్తుంది, వాల్చితే వదులుతుంది. కానీ దీనికి వేళ్ళు ముడిచే టెండన్లు కాస్త పొట్టిగా, బిగువుగా ఉండాలి. ఇంట్లోవాళ్ళు ప్రేమకొద్దీ నూనె రాసి, మణికట్టును వెనక్కి వంచి, వేళ్ళను తిన్నగా సాగదీస్తారు. నెలల తరబడి అలా చేస్తే టెండన్ సాగిపోతుంది. ఆ పట్టును మళ్ళీ తేవడం చాలా కష్టం.

కాబట్టి కుటుంబానికి చేసి చూపించాల్సింది ఇదీ: వేళ్ళు చాపేటప్పుడు మణికట్టు ముందుకు వంగి ఉండాలి, వేళ్ళు ముడిచేటప్పుడు వెనక్కి. మణికట్టును వెనక్కి వంచి ఉంచి వేళ్ళు చాపకూడదు. మంచంమీంచి చక్రాల కుర్చీలోకి మారేటప్పుడు అరచేతి మీద బరువు పడుతుంది, మణికట్టు ఎలాగూ వెనక్కి వంగుతుంది. అప్పుడు వేళ్ళు ముడిచే ఉంచాలి. అలాగని పూర్తిగా గడ్డకట్టిపోనివ్వకూడదు కూడా. మణికట్టు వాలినప్పుడు వేళ్ళ మధ్య గ్లాసు పట్టేంత సందు ఉండాలి, ఎత్తినప్పుడు బొటనవేలు చూపుడువేలి పక్కకు గట్టిగా ఆనాలి. వ్యాయామం చేయించిన ప్రతిసారీ ఈ రెండూ చూసుకోవాలి.