గట్టిగా ఊదితే ఆర్తి రాదు: ఫ్రీ జాజ్ సాక్సఫోన్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫ్రీ జాజ్ (ముందే కట్టిన స్వర, తాళాల చట్రం వదిలేసి అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించే జాజ్) విద్వాంసులు జాన్ కోల్ట్రేన్, ఫారో శాండర్స్, ఆల్బర్ట్ ఐలర్‌లా ఆధ్యాత్మిక ఆర్తితో సాక్స్‌ని ఏడిపించాలంటే బలంగా ఊదాలి, గట్టి రీడ్ (మౌత్‌పీస్‌కి బిగించే, ఊదితే కంపించే పల్చటి బద్ద) కొనాలి.

వాస్తవం: డబ్బూ పెదవీ రెండూ పాడయ్యేది ఈ నమ్మకం వల్లే. ఐలర్ గట్టి ప్లాస్టిక్ రీడ్ వాడిన మాట నిజమే. కానీ అంతకుముందు ఆయన ఆర్మీ బ్యాండ్‌లో వాయించి వచ్చినవాడు. రీడ్ నంబరు పెరిగేకొద్దీ గట్టిదనం పెరుగుతుంది; రెండున్నర నంబరు రీడ్ మీదే నిలకడ లేనివాళ్లు నాలుగుకి వెళితే రీడ్ కదలదు. కదిలించడానికి దవడ బిగిస్తారు. దాంతో కింది పెదవి లోపల పళ్ల గాట్లు పడతాయి, పై స్వరాలు శ్రుతి మించి కీచుమంటాయి. ఆ కీచుకి ఆధ్యాత్మికత అని పేరు పెడితే ఎలా?

ఎవరికి వాళ్లు చూసుకోవచ్చు. మౌత్‌పీస్ (నోట పెట్టుకుని ఊదే ముక్క) ఒక్కటే ఊడదీసి ఊదండి. టెనార్ సాక్స్‌ది పియానో మీది జి దగ్గర, అంతకంటే చిన్నదైన ఆల్టో సాక్స్‌ది ఎ దగ్గర పలకాలి. కాస్త కిందికి ఉన్నా జాజ్‌కి ఫర్వాలేదు. బాగా పైకి పోతోందంటే మాత్రం కొరుకుతున్నట్టే.

ఇక అసలు సాధన. అన్నిటికంటే కింది బి ఫ్లాట్‌కి వేళ్లు మూసి పట్టండి. వేళ్లూ దవడా కదపకుండా, నాలుక వెనక భాగాన్నీ గొంతునీ మాత్రమే మార్చి తారషడ్జం, దానిపై పంచమం, ఆపైన మళ్లీ షడ్జం తెప్పించండి. ఒక్కోదాన్నీ మామూలు ఫింగరింగ్‌తో వాయించి శ్రుతి సరిచూసుకోండి. రోజుకి 10 నిమిషాలు చాలు. మొదటి వారాల్లో పంచమం పలక్కపోతే కంగారుపడకండి, చాలామందికి అంతే. ఆల్టిస్సిమోకి (మామూలు ఫింగరింగ్‌కి అందని పై స్వరాలకి) పునాది ఇదే. గ్రౌల్ (గరగరలాడే ధ్వని) సంగతి వేరు: ఊదుతూనే గొంతులో ఇంకో స్వరం కూనిరాగం తీయాలి. రెండూ రాసుకున్నప్పుడే ఆ గరగర పుడుతుంది. వాయించే స్వరాన్నే కూనిరాగం తీస్తే గరగర తగ్గుతుంది. గొంతు మండితే ఆపేయండి.

అపోహ: ఫ్రీ అంటే తోచింది వాయించడం.

వాస్తవం: 1964 డిసెంబరు 9న రికార్డయిన 'ఎ లవ్ సుప్రీమ్' ఆల్బమ్ మొదటి భాగంలో కోల్ట్రేన్ నాలుగు స్వరాల ముక్కని 12 శ్రుతుల్లోనూ తిప్పుతాడు. చివరి భాగంలో తాను రాసిన ప్రార్థన కవితనే అక్షరం వెంట అక్షరంగా పలికిస్తాడు. సాహిత్యం ఎరిగిన నాదస్వర విద్వాంసుడు కీర్తన వాయించినట్టే అన్నమాట. ఆల్బమ్‌తో పాటు అచ్చైన ఆ కవితని పక్కన పెట్టుకుని వినండి. అది పూర్తి ఫ్రీ జాజ్ కాదంటారా? సరే, 1965 జూన్ 28న కోల్ట్రేనే రికార్డు చేసిన 'అసెన్షన్' తీసుకోండి. 11 మంది కలిసి వాయించే గోలకీ, ఒక్కొక్కరి సోలోకీ అందులోనూ వరస ఉంది.

అపోహ: అరుపే అసలు భావం.

వాస్తవం: కాదు. 1969లో ఫారో శాండర్స్ రికార్డు చేసిన 'ద క్రియేటర్ హ్యాజ్ ఎ మాస్టర్ ప్లాన్' 32 నిమిషాల పైచిలుకు. గడియారం దగ్గర పెట్టుకుని, టెనార్ అరుపు అందుకునేలోపు ఎంతసేపు నెమ్మదిగా నడిచిందో లెక్కపెట్టండి.