రేడియో కాపురమున్న ఇళ్లు

చెన్నై సెంట్రల్ స్టేషన్ పక్కన తెల్లగా నిలబడ్డ రిప్పన్ బిల్డింగ్ కార్పొరేషన్ ఆఫీసని అందరికీ తెలుసు. అక్కణ్నుంచి ఎనిమిదేళ్లు రేడియో ప్రసారాలు సాగాయంటే మాత్రం ఈ ఊళ్లో పుట్టి పెరిగిన తెలుగువాళ్లు కూడా ఆశ్చర్యపోతారు. పాత రేడియో భవనాలకు ఒక శిలాఫలకమైనా పెట్టాలని నాకు ఎంతో కాలంగా ఉంది. కానీ వాటి జాడ తీయడమే కష్టం. ఎందుకంటే రేడియో చాలాకాలం సొంతిల్లు లేకుండా బతికింది.

1924 మే 16న సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు పుట్టింది. జులై 31న ఎగ్మూరు హాలోవేస్ గార్డెన్ నుంచి ప్రసారాలు మొదలయ్యాయి. ట్రాన్స్‌మిటర్ శక్తి 40 వాట్లు, అంటే ఒక గుండు బల్బుకి పట్టేంత. డబ్బు చాలక 1927లో క్లబ్బు మూతపడింది, ట్రాన్స్‌మిటర్‌ను కార్పొరేషన్‌కి ఇచ్చేశారు. 1930 ఏప్రిల్ 1 నుంచి కార్పొరేషనే ప్రసారాలు నడిపింది. ఇంట్లో రేడియో లేనివాళ్లు మెరీనాలో, పార్కుల్లో లౌడ్‌స్పీకర్ల దగ్గర చేరి సంగీతం వినేవారు.

1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం మొదలైంది. అదీ ఒక బంగళాలోనే. ఎగ్మూరు మార్షల్స్ రోడ్డులో ఉన్న ఆ ఇంటి పేరు ఈస్ట్ నుక్. నిజాం రాష్ట్రంలోని డెక్కన్ రేడియో సంగతి వేరు. ఆంధ్ర జిల్లాలకు మాత్రం 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం వచ్చేదాకా మద్రాసే దిక్కు. ‘రజని’గా పేరుపడ్డ పాటల రచయిత, స్వరకర్త బాలాంత్రపు రజనీకాంతరావు 1941లో ఉద్యోగంలో చేరింది ఇక్కడే. రేడియో అన్నయ్య, అక్కయ్య, అంటే న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, పిల్లల కార్యక్రమాలకు పిల్లలను పోగేసింది ఇక్కడే. 1947 ఆగస్టు 14 అర్ధరాత్రి స్వాతంత్ర్యం వచ్చిన వేళ తెలుగువాళ్లు విన్న రజని పాట వెళ్లిందీ ఈ కేంద్రం నుంచే.

ఇల్లు స్టూడియోగా మారాలంటే చేయాల్సిన పని చాలానే ఉంటుంది. చప్పుడు మారుమోగకుండా గోడలకు మెత్తటి పలకలు, నేలమీద మందపాటి తివాచీ, కిటికీలకు బరువైన తెరలు. బయటి సందడి లోపలికి రాకుండా ఒకదాని వెనక ఒకటిగా రెండు తలుపులు. నాటకం ప్రతిని కుట్టకుండా విడి కాగితాలుగా ఉంచుతారు. చదివేసిన కాగితాన్ని రెపరెపలాడకుండా నెమ్మదిగా పక్కకు జార్చాలి, లేదంటే ఆ చప్పుడు మైకులోకి పోతుంది. కేంద్రం ఖాళీ చేసిన రోజున పలకలు, తివాచీ, తెరలు అన్నీ ఊడి వస్తాయి. ఇల్లు మళ్లీ మామూలు ఇల్లవుతుంది. పైగా టేపు ఇంకా వాడుకలోకి రాని రోజులు అవి. దాదాపు అన్నీ ప్రత్యక్ష ప్రసారాలే, గాల్లోకి వెళ్లిన పాట గాల్లోనే కలిసిపోయేది. గొంతులూ దక్కక, గదికీ ఆనవాలు లేకపోతే ఇక దేన్ని చూపించి చెప్పుకోవాలి?

రేడియో కోసమే కట్టిన భవనం 1954లో గానీ రాలేదు. బీచి రోడ్డులో సముద్రానికి ఎదురుగా ఉన్న ఆకాశవాణి అదే. దాన్ని చూసి, రేడియో మొదటినుంచీ అక్కడే ఉందనుకుంటారు.

మార్షల్స్ రోడ్డు ఇప్పుడు రుక్మిణీ లక్ష్మీపతి సాలై. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లిన ఆవిడ, ఆచంట లక్ష్మీపతిగారి భార్య. ఆవిడ పేరున్న ఆ రోడ్డులోనే ఈస్ట్ నుక్ పేరుతో ఒక రాయి నాటాలి. తమిళంలోనూ తెలుగులోనూ రాయాలి. అక్కడ రెండు భాషలూ ఒకే మైకు పంచుకున్నాయి.