వంటింటి గట్టు, స్నానాలగది నేల: మనవలకు ఒక ఉత్తరం

ఒంగోలు

చిరంజీవులైన మనవలకు,

మీ అమ్మమ్మ ఆశీస్సులు. సంక్రాంతి సెలవులకు మీరు వచ్చేసరికి మన వంటిల్లూ స్నానాలగదీ కొత్తగా తయారై ఉంటాయి. ఫోనులో మీరు పంపిన బొమ్మలన్నీ శ్రద్ధగానే చూశాను. తెల్లని పాలరాతి గట్టు, నల్లటి కొళాయిలు, అద్దంలా మెరిసే నేల, అన్నీ అందంగానే ఉన్నాయి. వాటిలో ఒక్కటీ నేను ఎంచుకోలేదని మీరు చిన్నబుచ్చుకున్నట్లు మీ అమ్మ చెప్పింది కనుక, కారణాలు వివరంగా రాస్తున్నాను.

ఏ వస్తువును చూపించినా నేను దుకాణంలో మొదట వేసుకున్న ప్రశ్న ఒక్కటే: దీని మీద రోజూ ఏమి పడుతుంది? మన వంటింటి గట్టు మీద చింతపండు పులుసు, నిమ్మరసం, పసుపు, అప్పుడే పొయ్యి మీది నుంచి దించిన బాణలి పడతాయి. పాత గట్టు కడప నాపరాయి. అది ముప్పై ఏళ్ళు చక్కగా పనిచేసింది కానీ, పచ్చళ్ళు కలిపే మూల మాత్రం నునుపు పోయి, తెల్లబారి, చేతికి గరుకుగా తగిలేది. నాపరాయి సున్నపురాయి జాతిది. పులుపు తగిలితే అందులోని కాల్షియం కార్బొనేట్ కరిగిపోతుంది. మీరు ముచ్చటపడిన పాలరాయిది కూడా ఇదే గుణం. పాత గట్టు ముక్క ఒకటి, కొత్త గ్రానైట్ ముక్క ఒకటి మీ కోసం దాచి ఉంచాను. రెండింటి మీదా నిమ్మరసం పిండి చూడండి. నాపరాయి మీద సన్నని నురగ వస్తుంది, గ్రానైట్ మీద రాదు.

కొత్త గట్టుకు తీసుకున్నది మన ఊరికి దగ్గరలోనే ఉన్న చీమకుర్తి క్వారీల రాయి. నల్లటి రాతిలో బంగారు పొడి చల్లినట్లు చుక్కలుంటాయి కనుక దానిని బ్లాక్ గెలాక్సీ అంటారు. ఆ మెరుపు బంగారానిది కాదు, బ్రాంజైట్ అనే ఖనిజానిది. వ్యాపారంలో దీనిని గ్రానైట్ అని పిలుస్తున్నా, భూగర్భ శాస్త్రజ్ఞులు దీనిని గాబ్రో జాతిలో చేరుస్తారు. నల్లరాయి కొనేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. వెలిసినట్లున్న రాయికి రంగు పట్టించి అమ్మేవారు లేకపోలేదు. గోళ్ళరంగు చెరిపే ద్రవంలో దూదిని ముంచి రాయిని రుద్దాను. దూదికి నలుపు అంటకపోయాకే బేరం మొదలుపెట్టాను. దుకాణం కుర్రవాడు నవ్వుకున్నాడు, నవ్వుకోనీ.

క్వార్ట్జ్ పలక ఎందుకు వద్దన్నానని పెద్దవాడు అడిగాడు. అది రాతిపొడిని రెసిన్‌తో, అంటే ప్లాస్టిక్ లాంటి జిగురుతో, కలిపి అచ్చుపోసిన పలక. మరకలు సులభంగా అంటవన్నది నిజమే, కానీ మరిగే నూనె ఉన్న బాణలిని నేరుగా పెడితే ఆ రెసిన్ మాడి మచ్చపడుతుంది. బాణలి కింద చుట్టకుదురు పెట్టడం ప్రతిసారీ నాకు గుర్తుండదు. ఇంకొక కారణం కూడా ఉంది. ఆ పలకను కోసేటప్పుడు లేచే సన్నని సిలికా ధూళి పనివారి ఊపిరితిత్తులను పాడుచేస్తుంది. ఆ కారణంగానే ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి అలాంటి పలకలను నిషేధించింది. గ్రానైట్‌లోనూ సిలికా ఉంటుంది కనుక, మన ఇంట్లో ఏ రాయి కోసినా నీళ్ళు పోస్తూ, ముఖానికి మాస్కు కట్టుకునే కోయాలని మేస్త్రికి గట్టిగా చెప్పాను.

ఇక స్నానాలగది. పోయిన ఏడాది నేను జారిపడింది మెరిసే టైల్స్ మీదేనని మీకు గుర్తుండే ఉంటుంది. అందుకే ఈసారి నేలకు గరుకు టైల్స్ తీసుకున్నాను. దుకాణంలోనే ఒక పలక మీద సబ్బునీళ్ళు పోయించి, చెప్పులు విడిచి నిలబడి చూశాను. టైల్ వెనకవైపు నీటి చుక్క వేసి చూడడం కూడా నేర్చుకోండి. గోడలకు వాడే సిరామిక్ టైల్ ఆ చుక్కను పీల్చేస్తుంది, నేలకు వేసే, గాజులా గట్టిపడేలా కాల్చిన విట్రిఫైడ్ టైల్ మీద చుక్క అలాగే నిలుస్తుంది. విట్రిఫైడ్ టైల్ తన బరువులో అర శాతానికి మించి నీటిని పీల్చకూడదన్నది నియమం. గోడ టైల్స్ పది శాతానికి పైగా పీల్చగలవు. అందుకే గోడ టైల్స్‌ను మేస్త్రి ముందుగా నీళ్ళలో నానబెడతాడు, లేకపోతే అవి సిమెంటులోని తడిని లాగేసుకుంటాయి. విట్రిఫైడ్‌కు ఆ చిక్కు లేదు కానీ వెనకవైపు నీరు పీల్చదు కనుక ఉత్త సిమెంటు పాలు దానిని గట్టిగా పట్టలేవు. దానికి ప్రత్యేకమైన జిగురు సిమెంటు వాడించాను.

అయితే ఎంత ఖరీదైన టైల్ వేసినా, నీటిని ఆపేది టైల్ కాదు, దాని కింద పూసే వాటర్‌ప్రూఫింగ్ పూత. ఆ పూత ఆరాక తూము మూసి, రెండంగుళాల నీళ్ళు నింపి, రెండు రోజులు అలాగే ఉంచి, కింది గది కప్పును గంట గంటకూ చూశాను. మేస్త్రి విసుక్కున్నాడు. వాలు కూడా మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు చొప్పున తూము వైపే ఉండాలని కొలిపించాను. నిలిచిన నీటిలోనే కదా పాచి పట్టేది. టైల్స్ సందుల్లో సిమెంటుకు బదులు ఎపాక్సీ అనే రెసిన్ జిగురు నింపించాను. పని మనిషి వాడే ఆసిడ్ ఇన్నేళ్ళూ తినేసింది ఆ సిమెంటు సందులనే.

నల్ల కొళాయిల మీద మన బోరు నీళ్ళ ఉప్పు వారంలోపే తెల్లని చారలుగా కనిపిస్తుంది. మామూలు ఇత్తడి కొళాయికి క్రోమ్ పూత చాలు. సింకుకు 304 రకం స్టీలు తీసుకున్నాను. అందులో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. అయస్కాంతం అంటకపోతే 304 అని దుకాణంవారు నమ్మబలుకుతారు. చవకైన 202 రకానికీ అయస్కాంతం అంటదు, కాబట్టి ఆ పరీక్షను నమ్మక బిల్లు మీద గ్రేడు రాయించుకున్నాను.

అల్మారాలకు ఐ.ఎస్. 710 (తడికి తట్టుకునే ప్లైవుడ్‌కు భారతీయ ప్రమాణం) ముద్ర ఉన్న ప్లైవుడ్ వాడాము. దానిని 72 గంటలు నీటిలో మరిగించినా పొరలు విడిపోకూడదు. అంతటి ప్లైవుడ్‌కైనా కోసిన అంచులను మూయకపోతే చెమ్మ ఎక్కుతుంది. సింకు కింద మాత్రం చెక్కను దగ్గరకు రానివ్వలేదు. అక్కడి అరలకు తీసేసిన పాత నాపరాళ్ళనే కోయించి వేయించాను. అక్కడ చెమ్మ ఉంటుంది గానీ పులుపు పడదు, కనుక నాపరాయికి అంతకంటే మంచి చోటు లేదు.

స్నానాలగది గోడ టైల్స్ రంగు ఇంకా తేల్చలేదు. గోడ మీద ఎవరూ నడవరు, వేడి బాణలి పెట్టరు, కాబట్టి ఆ ఎంపిక మీకే వదిలేశాను. ఆదివారంలోగా ముగ్గురూ ఒక మాట మీదికి వచ్చి, రంగు రాసి పంపండి; సోమవారం మేస్త్రి టైల్స్ తేవడానికి వెళ్తున్నాడు.

మీ అమ్మమ్మ