చెంబెడు నీళ్లు

పిల్లలూ,

మీలో ఒకరు పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక నా పక్కన చేరి, ఎవరికీ వినపడకుండా అడిగారు: "తాతయ్యా, ఇదివరకు ప్రార్థన చేస్తే హాయిగా ఉండేది. ఇప్పుడు గోడతో మాట్లాడుతున్నట్టుంది. దేవుడికి నా మీద కోపమొచ్చిందా?" పేరు చెప్పను. ఆ వయసులో నేనూ ఇదే అడగాలనుకున్నాను, ధైర్యం చాలలేదు.

మా చిన్నప్పుడు ఇంటి వెనక చేతిపంపు ఉండేది. సెలవులకి వెళ్లొచ్చి కొడితే హ్యాండిల్ బరువు లేకుండా ఊరికే ఆడేది, కీచుమని అరిచేది, చుక్క పడేది కాదు. నీళ్లు అడుగంటాయనుకునేవాణ్ణి. ఒకసారి బాగుచేసే ఆయన విప్పుతుంటే పక్కనే కూర్చుని చూశాను. లోపలి తోలు వాషర్ ఎండి, ముడుచుకుపోయి, పారేసిన చెప్పు ముక్కలా ఉంది. తోలు ఎండితే పక్కల నుంచి గాలి దూరుతుంది, నీళ్లు పైకి రావు. కింద మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి. అందుకే నాయనమ్మ చెంబెడు నీళ్లు మూతపెట్టి దాచేది. అవి పైనుంచి పోసి, తోలు నానేదాకా ఆగి కొడితే మెల్లగా హ్యాండిల్ బరువెక్కేది. నీళ్లు కంటికి కనపడకముందే ఆ బరువు చేతికి తెలిసేది!

ఒకరోజు ఆ చెంబు నీళ్లతో నేను కాళ్లు కడుక్కున్నాను. తర్వాత చేతులు బొబ్బలెక్కేదాకా కొట్టినా లాభం లేకపోయింది. నాయనమ్మ తిట్టాల్సినంత తిట్టి, పక్కింటికెళ్లి చెంబెడు అడిగి తెచ్చింది.

మనసు బాగున్న రోజుల్లో కంఠస్థం చేసిన వాక్యం, నోటికొచ్చిన పాట, అదీ మీ చెంబు. అదీ ఖాళీ అయిందా, పక్కవాళ్లని అడగండి. "నాకు ప్రార్థన రావట్లేదు, నా బదులు నువ్వు చెయ్యి" అనడానికి సిగ్గెందుకు? సంఘం ఉన్నది మరి దేనికి?

పంపు సంగతి ఇక చాలు. గట్టిగా కొడితే దేవుడు దిగివస్తాడని తాతయ్య చెప్పాడని మాత్రం అనకండి. ఆయన పంపు కాదు.

బైబిల్లో ఏలీయా ప్రవక్తని చూడండి. కర్మెలు కొండ మీద ఆయన ప్రార్థిస్తే అగ్ని దిగింది. ఏళ్ల తరబడి ఎండిన దేశంలో ఆ రోజే జోరువాన. దేశం తడిసింది, ఆయన లోపల ఎండిపోయాడు. యెజెబెలు రాణి బెదిరింపుకి పారిపోయి, బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు కోప్పడలేదు, ప్రసంగమూ చెయ్యలేదు. నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపితే తలాపున కాల్చిన అప్పం, నీళ్ల బుడ్డి ఉన్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారీ వచ్చి, ప్రయాణం నీ శక్తికి మించింది, తిను అన్నాడు. ఆ బలంతో హోరేబు కొండ దాకా 40 రోజులు నడిచాడు. కాబట్టి అర్ధరాత్రి దాటేదాకా ఫోన్ చూసి, పొద్దున్నే ప్రార్థనలో ఆవలిస్తూ "విశ్వాసం తగ్గిపోయింది" అని టెన్షన్ పడేవాళ్లు ముందు నిద్రపోండి.

అందరి లోపలి కరువూ అంత త్వరగా తీరదు. మదర్ తెరెసా 1997లో చనిపోయారు. 2007లో అచ్చయిన ఆమె ఉత్తరాలు చదివి చాలామంది ఉలిక్కిపడ్డారు. దేవుడు దగ్గరున్నట్టే అనిపించక ఆమె ఏళ్లకేళ్లు బాధపడ్డారట. అయినా ప్రార్థన మానలేదు, రోగుల్ని వదల్లేదు. ఇక్కడ నా పంపు పోలిక పనికిరాదు. నేను నోరు మూసుకుంటాను.

ఇవాళ రాత్రి 42, 43 కీర్తనలు ఒకదాని వెంట ఒకటి చదవండి. నీళ్ల కోసం తపించే దుప్పితో మొదలవుతుంది. మధ్యలో కీర్తన రాసినాయన తన ప్రాణాన్నే పట్టుకుని, ఎందుకు కుంగిపోయావు అని అడుగుతాడు. ఆ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో పెన్సిల్‌తో గీత గీసి లెక్కపెట్టండి. ఆదివారం వచ్చి నాకు చెప్పండి.

మీ తాతయ్య