సైకిల్ కొనేముందు: షాపులో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

సైకిల్ కొనడానికి వచ్చినవాళ్లు ముందు అడిగేవి గేర్లు, షాక్‌లు, డిస్క్ బ్రేకులు. పదిహేను వేల లోపు బండిలో ఈ మూడూ పెట్టారంటే ఇంకెక్కడో ఖర్చు తగ్గించే ఉంటారు. తగ్గించేది కంటికి కనపడని చోటే: హబ్బులు, బేరింగులు, స్పోకులు, రిమ్ములు. ఆర్నెల్లకు చక్రం బెండొచ్చేది అందుకే.

అపోహ: గేర్లు ఎన్ని ఎక్కువుంటే అంత మంచి సైకిల్.

వాస్తవం: 21 గేర్లంటే ముందు పెడళ్ల దగ్గర 3 చైన్‌వీళ్లు (పళ్ల చక్రాలు), వెనక చక్రం మీది ఫ్రీవీల్‌లో 7 పళ్ల చక్రాలు. ముందు 42-34-24 పళ్లు, వెనక 14-16-18-20-22-24-28 పళ్లు ఉండే మామూలు సెట్టే తీసుకుని లెక్కేయండి. ముందు 42, వెనక 28 వేస్తే పెడల్ ఒక చుట్టుకు బండి వెనక చక్రం 1.5 చుట్లు తిరుగుతుంది. ముందు 24, వెనక 16 వేసినా అంతే, 1.5. ముందు 34, వెనక 22 వేస్తే 1.55. పేరుకు మూడు గేర్లు, పని మాత్రం దాదాపు ఒకటే. పైగా మొదటి రెండింట్లో చైను బాగా ఏటవాలుగా నడిచి త్వరగా అరిగిపోతుంది, అందుకే ఆ జతలు వాడొద్దంటాం.

చూడాల్సింది గేర్ల సంఖ్య కాదు, అన్నిటికన్నా తేలిక గేరు ఎంత తేలిక అన్నది. కోనసీమలో కాలవ గట్ల మీద తిరిగేవాళ్లకు 44-18 పళ్ల సింగిల్ స్పీడ్ నిక్షేపంలా సరిపోతుంది. విశాఖలో సింహాచలం ఘాట్ ఎక్కాలంటే మాత్రం ముందు, వెనక పళ్లు సమానంగానో, వెనకే ఎక్కువగానో ఉండే గేరు కావాలి. ఊళ్లో ఆఫీసుకు వెళ్లి రావడానికి ముందు ఒకటి, వెనక 7 చాలు. ముందు డీరైలర్ (చైనును ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదాని మీదికి జరిపేది) ఉండదు కాబట్టి రిపేరు వచ్చే వస్తువు ఒకటి తగ్గుతుంది.

అపోహ: షాక్ అబ్జార్బర్ ఉంటే నడుము నొప్పి రాదు.

వాస్తవం: చవక ఫోర్కులో, అంటే ముందు చక్రాన్ని రెండు పక్కలా పట్టి ఉంచే కాళ్లలో, ఉండేది స్ప్రింగు మాత్రమే. అణిగిన స్ప్రింగు ఎగిరి తన్నకుండా ఆపే ఏర్పాటు ఉండదు. బరువు రెండు కిలోలకు పైనే. ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కితే మీ బలంలో కొంత ఆ స్ప్రింగును నొక్కడానికే పోతుంది. అది అరిగితే బాగుచేసేదేమీ ఉండదు, ఫోర్కు మొత్తం మార్చాల్సిందే. వెనక కూడా షాక్ ఉన్న చవక బండి జోలికి అసలు పోవద్దు.

మన రోడ్ల కుదుపు తగ్గించేది టైరు. 1.75 నుంచి 2 అంగుళాల టైరు తీసుకుని, గాలి కొలిచి కొట్టించండి. ఎంత కొట్టాలో టైరు పక్కనే రాసి ఉంటుంది. 40-65 పీఎస్ఐ అని ఉంటే, 60 కిలోల మనిషికి 45 దగ్గర, 85 కిలోల మనిషికి 55 దగ్గర మొదలుపెట్టి చూసుకోవచ్చు. వెనక చక్రానికి ఇంకో 5 కలపండి. బొటనవేలితో నొక్కి చూసే లెక్క పనికిరాదు.

అపోహ: 26 అంగుళాల సైకిల్ పెద్దవాళ్లందరికీ సరిపోతుంది.

వాస్తవం: 26 అనేది చక్రం సైజు. మీకు సరిపోవాల్సింది ఫ్రేమ్. చెప్పులు లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య ఒక పుస్తకాన్ని సీటులాగా పైకి నొక్కి, దాని పై అంచు నుంచి నేలకు కొలవండి. ఆ కొలతను 0.883తో గుణిస్తే పెడల్ ఇరుసు నడిమి నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు వస్తుంది. ఇక్కడ ఇరుసంటే రెండు క్రాంకులను (పెడళ్లు బిగించే కడ్డీలను) కలిపేది. కొలత 80 సెంటీమీటర్లయితే సీటు సుమారు 70.6 దగ్గర. బండి మీద కాళ్లు అటూ ఇటూ వేసి నిలబడితే పైగొట్టానికీ మీకూ మధ్య కనీసం 3 సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి. మోకాళ్ల నొప్పులని వచ్చే బళ్లలో చాలావాటికి సీటు బాగా కిందకు దించి ఉంటుంది.

టైరు మీద ఇంకో నంబరు, రిమ్ము వ్యాసం, కూడా చదవండి. పాత నల్ల సైకిల్ 28 అంగుళాల రిమ్ము 635 మిల్లీమీటర్లు, హైబ్రిడ్‌ల 700సీ రిమ్ము 622. చూపుకు ఒకేలా ఉంటాయి కానీ ఒకదాని టైరు ఇంకోదానికి ఎక్కదు. మీ ఊరి షాపులో ఏ టైరు దొరుకుతుందో అడిగాకే బండి ఖాయం చేసుకోండి.

అపోహ: డిస్క్ బ్రేకే సేఫ్.

వాస్తవం: వానలో డిస్క్ మెరుగే, కాదనం. కానీ చవక కేబుల్ డిస్క్‌లో చాలావాటికి కదిలేది బయటి ప్యాడ్ ఒక్కటే. అరిగేకొద్దీ లోపలి ప్యాడ్‌ను మనమే స్క్రూ తిప్పి దగ్గరకు జరపాలి. అది చేయక ‘బ్రేకు పడట్లేదు’ అంటారు. కిర్రుమంటుంటే క్యాలిపర్ (ప్యాడ్‌లు ఉండే భాగం) బోల్టులు రెండూ వదులు చేసి, బ్రేకు గట్టిగా పట్టి ఉంచి, మళ్లీ బిగించండి. ఈ ఓపిక లేనివాళ్లకు రిమ్మును రబ్బరు షూలతో నొక్కే వీ-బ్రేకే నయం. దాని షూలు ఏ పల్లెలోనైనా దొరుకుతాయి.

అపోహ: ఎదిగే పిల్లాడే కదా, ఒక సైజు పెద్దది కొంటే పోలా?

వాస్తవం: సీటు మీద కూర్చుంటే రెండు పాదాల మునివేళ్లూ నేలకు ఆనాలి. ఆనకపోతే ఆ బండి ఇప్పుడు వద్దు.

అపోహ: పెట్టెలో వచ్చిన సైకిల్‌ను ఇంట్లోనే బిగించుకోవచ్చు.

వాస్తవం: బిగించుకోవచ్చు, రెండు చోట్ల జాగ్రత్తపడితే. ఎడమ పెడల్ మర ఎదురు మర. దాన్ని గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిప్పి బిగించాలి. బలవంతంగా ఎక్కిస్తే క్రాంకు మరలు పోతాయి, క్రాంకే మార్చాలి. రెండోది, ఫోర్కు వెనక్కి తిరిగి ఉండటం. సీటు మీద కూర్చున్నప్పుడు ముందు డిస్క్ మీ ఎడమవైపు కనపడాలి. కుడివైపు ఉంటే ఫోర్కు తిరగబడినట్టే, మలుపులో పాదం చక్రానికి తగులుతుంది. తొక్కడం మొదలయ్యాక నెలలోపు ఒకసారి షాపుకు తెచ్చి స్పోకులు, బ్రేకు వైర్లు, హెడ్ బేరింగ్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగు) బిగింపు చూపించండి. కొత్తలో ఇవన్నీ కొంత సర్దుకుని వదులవుతాయి.